మా వంటింట్లో టైరోసిన్ నిషేధం

రిపోర్టులో తెల్ల రక్తకణాలు 1,86,000 అని చూడగానే సున్నా ఒకటి ఎక్కువ పడిందనుకున్నాను. బేగంబజార్‌లో స్టీలు సామాను హోల్‌సేల్ దుకాణంలో 22 ఏళ్లుగా లెక్కలు రాస్తున్నవాణ్ణి, సున్నాల సంగతి నాకు కొత్త కాదు. మళ్లీ చేయించాను. మళ్లీ అంతే. ఉండాల్సింది 4,000 నుంచి 11,000. ఆ సున్నా తీసేసినా ఎక్కువే అన్నది ఇంటికెళ్లాక తట్టింది.

అప్పటికి రెండు నెలలుగా రెండు ఇడ్లీలకే కడుపు నిండిపోయేది. ఎడమ డొక్కలో బరువు. గ్యాసనుకుని వాము నములుతూ గడిపాను. డాక్టరుగారు చెయ్యి పెట్టి చూడగానే ప్లీహం పెరిగిందన్నారు. తుంటి ఎముకలోంచి మజ్జ తీశారు. మత్తిచ్చారు కాబట్టి సూది దిగడం తెలియలేదు, మజ్జ లాగినప్పుడు మాత్రం చుక్కలు కనిపించాయి. పదిరోజులకు పేరు తేలింది: క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా.

"బ్లడ్ క్యాన్సరేనా సార్?"

"అవును. కానీ దీనికి మాత్ర ఉంది. టైరోసిన్ కైనేజ్ ఇన్హిబిటర్ అంటాం. రోజూ మానకుండా వేసుకోవాలి."

ఆ మూడు మాటల్లో మా ఆవిడ మొదటిదాన్ని పట్టుకుంది. రాత్రంతా ఫోన్లో వెతికి, టైరోసిన్ గుడ్లలో, పెరుగులో, పనీర్‌లో, చికెన్‌లో, పప్పుల్లో, నువ్వుల్లో ఉంటుందని తేల్చింది. తెల్లారేసరికి అన్నీ బంద్. ఏప్రిల్ నెలలో, హైదరాబాదులో, పెరుగు లేని అన్నం! రెండు వారాలు చారు మెతుకులతో మూడు కిలోలు తగ్గాను. అదీ జబ్బు వల్లేననుకుని ఇంకాస్త హడలిపోయాం.

మా అక్క కూతురు ఉస్మానియాలో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదువుతోంది. ఆదివారం వచ్చి నా కంచం చూసి నవ్వాలో తిట్టాలో తెలియనట్టు నిలబడింది.

"అత్తా, టైరోసిన్ ఏం పాపం చేసింది? ప్రొటీన్లను కట్టే అమైనో ఆమ్లాల్లో అదొకటి, అంతే. నువ్వు పెట్టకపోయినా ఫినైల్‌అలనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం నుంచి మామయ్య ఒళ్లే తయారుచేసుకుంటుంది. థైరాయిడ్ హార్మోనుకీ, అడ్రినలిన్‌కీ, చర్మం రంగుకీ అదే ముడిసరుకు. ప్రొటీన్లలో అది బటన్‌లాంటిది. కైనేజ్ అనే ఎంజైము వచ్చి దానికో ఫాస్ఫేట్ తగిలిస్తే ఆన్. ఫాస్ఫటేజ్ వచ్చి ఊడదీస్తే ఆఫ్. అన్నిచోట్లా అలాగే కాదులే, కొన్నిచోట్ల తగిలిస్తేనే ఆఫ్. కణం పెరగాలా, రెండుగా చీలాలా, ఊరుకోవాలా అన్న కబుర్లు చాలా ఈ దారినే వెళ్తాయి. మామయ్య మజ్జలో 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారయ్యాయి. దాంతో ఏబీఎల్ అనే కైనేజ్ బీసీఆర్ అనే ఇంకో ప్రొటీన్‌కి అతుక్కుని బటన్ మీంచి వేలు తియ్యడం మానేసింది."

మా ఆవిడ కాసేపు ఆలోచించింది. "అంటే మొన్న మన మోటరు స్విచ్చి ఇరుక్కుని ట్యాంకు పొంగి మెట్లమీదికి నీళ్లొచ్చాయే, అలాగా?"

"సరిగ్గా అలాగే. నువ్వేమో స్విచ్చి వదిలేసి నీళ్లమీద కోప్పడుతున్నావు."

ఆ పూట నాకు గడ్డపెరుగు దొరికింది.

మాత్ర సంగతి కూడా ఆ పిల్లే చెప్పింది. కైనేజ్ ఆ ఫాస్ఫేట్‌ని కణంలో శక్తిని మోసే ఏటీపీ అనే అణువు నుంచి తెచ్చుకుంటుంది. నా మాత్ర, ఇమాటినిబ్, వెళ్లి ఏటీపీ కూర్చునే చోట ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టు సీటు ఆపేస్తుంది. ఆ ఏటీపీని 1929లో కనిపెట్టినవాళ్లలో ఒకరు, ఫిస్కే అనే అమెరికన్ శాస్త్రవేత్తతో కలిసి పనిచేసిన, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అసలు టైరోసిన్‌కి ఫాస్ఫేట్ తగులుతుందని బయటపడటం కూడా తమాషాయే. 1979లో అమెరికాలో టోనీ హంటర్ అనే శాస్త్రవేత్త, ప్రొటీన్ ముక్కల్ని పలకమీద మచ్చలుగా విడదీసే ద్రావణం తాజాగా కలుపుకోవడానికి బద్ధకించి పాతదే వాడాడు. దాని ఆమ్లత్వం కొంచెం మారి ఉండటంతో, అంతవరకూ ఇంకోదానితో కలిసిపోయి కనిపించిన, ఫాస్ఫేట్ తగిలిన టైరోసిన్ మచ్చ విడిగా తేలింది. నా మందు ఒకరి బద్ధకంలోంచి మొదలైందంటే నాకెందుకో ధైర్యమొచ్చింది.

డబ్బు మాట దాచను. ఇదే మందు విదేశీ బ్రాండు ఒకప్పుడు నెలకు లక్షకు పైమాటట. 2003లో మన హైదరాబాదు మందుల కంపెనీ నాట్కో చవకగా తెచ్చింది. ఆ విదేశీ మందు కొత్త రూపానికి పేటెంటు ఇవ్వక్కర్లేదని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కాగితాలేవీ తెలియకుండానే నేను వాటివల్ల బతుకుతున్నాను.

రోజుకు 400 మిల్లీగ్రాములు, భోంచేశాక, పెద్ద గ్లాసు నీళ్లతో. మొదట్లో వికారం, రాత్రిళ్లు పిక్కలు పట్టెయ్యడం, పొద్దున్నే కళ్లకింద ఉబ్బు. వాటికి అలవాటుపడ్డాను. పడలేనిది మూడునెలలకోసారి పీసీఆర్ పరీక్ష, రక్తంలో ఆ అతుకు బీసీఆర్-ఏబీఎల్ ఎంత మిగిలిందో చూసేది. మూడో నెలకి బీసీఆర్-ఏబీఎల్ 10 శాతానికి, ఆరో నెలకి 1 శాతానికి, ఏడాదికి 0.1 శాతానికి దిగాలి. మొదటిసారి ఖర్చు కలిసొస్తుందని వేరే ల్యాబ్‌కి వెళ్లాను. 19 అని వచ్చింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. డాక్టరుగారు కాగితం తిప్పి చూసి, "ఇది అంతర్జాతీయ స్కేలుకి మార్చిన అంకె కాదు, పాత రిపోర్టుతో పోల్చకూడదు" అన్నారు. పాత ల్యాబ్‌లోనే మళ్లీ చేయిస్తే 6.4. కిలోల్లో రాయాల్సింది తులాల్లో రాసిన చిట్టా మా సేఠ్‌కి చూపిస్తే ఊరుకుంటాడా? ఆ ల్యాబ్‌వాళ్లు మాత్రం ఫోన్లో "మా లెక్క అంతే సార్" అన్నారు. అప్పట్నుంచి ల్యాబ్ మార్చలేదు. ఆరో నెలకి 0.7, ఏడాదికి 0.06.

ఈమధ్య ఇంకో చిత్రం. 'కిట్' అనే మరో టైరోసిన్ కైనేజ్‌ని కూడా ఇమాటినిబ్ ఆపుతుంది. చర్మానికి రంగు తయారుచేసే కణాలకి అది కావాలి. దాంతో నేను కొంచెం తెల్లబడ్డాను. మొన్న నాచారంలో పెళ్లికెళ్తే మా పెద్దమ్మ కోడలు పక్కకి పిలిచి, "ఏం రాస్తున్నారు అన్నయ్యా, మాకూ చెప్పొచ్చుగా?" అని అడిగింది. పెళ్లింట్లో క్యాన్సరు మాట ఎందుకని ముల్తానీ మట్టి అన్నాను.