ముక్కుపుడక అటు మారింది

వారమంతా ఆఫీసు లెక్కలతోనే సరిపోయింది. ఇవాళ ఆదివారం కదా అని పొద్దున్నే బాల్కనీలో ట్రే పెట్టి, జింకు రేకుని యాసిడ్‌లో దించాను. మైనం పూతలో సూదితో గీసిన ప్రతి గీత మీదా సన్నటి బుడగలు. కోడి ఈకతో వాటిని మెల్లగా తోస్తూ కూర్చుంటే గంట ఇట్టే గడిచింది. తోయకపోతే యాసిడ్ గీతని ఎగుడుదిగుడుగా తినేస్తుంది. లోపల్నుంచి అమ్మ దగ్గు, ఆ వెంటే చీవాట్లు.

రేకు మీదున్నదీ అమ్మే. పక్కకి తిరిగిన ముఖం. ఇలా యాసిడ్‌తో రేకు మీద గీతలు తినిపించి అచ్చేసే బొమ్మని ఎచ్చింగ్ అంటారు. ఫ్రెంచి ధనికుడు వాత్‌లే వేసిన మార్గరీత్ ల కోంత్ అనే ఆవిడ ఎచ్చింగ్ పోయిన వారం చూశాక పుట్టిన బుద్ధి ఇది. క్లోద్ ఆన్రీ వాత్‌లే 1718లో పుట్టాడు. 22 ఏళ్ళకే ఓర్లియాన్ ప్రాంతపు పన్నుల వసూలు పదవి వారసత్వంగా వచ్చిపడింది. ఇక ఏం లోటు? బొమ్మలు వేశాడు, సెన్ నది ఒడ్డున తోట పెంచాడు, ఫ్రెంచి రచయిత దిదెరో విజ్ఞానసర్వస్వానికి చెక్కుడు పని మీద రాశాడు. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ చెక్కిన అసలు రేకులే పదుల కొద్దీ సంపాదించాడు. నాకున్నది చేత్తో తిప్పే ఒక ప్రెస్సు, అదీ వాయిదాల మీద.

మార్గరీత్ అతని నెచ్చెలి. ఆవిడా సూది పట్టి ఎచ్చింగులు చేసేది. బొమ్మకి మూలం వాళ్ళ స్నేహితుడు కొషాన్ గీసిందే. అయినా సూది పట్టింది ఆవిణ్ణి రోజూ చూసే మనిషి అన్న సంగతి నన్ను వదల్లేదు. ఉలితో రాగి మీద చెక్కడానికి ఏళ్ళ సాధన కావాలి. ఎచ్చింగుకి పెన్ను పట్టే చెయ్యి చాలు. ఆ కాలపు జమీందార్లూ దొరసానులూ దీని మీద పడ్డది అందుకే. నేనూ అందుకే.

మధ్యాహ్నం తడి కాగితం వేసి ప్రెస్సు తిప్పాను. కాగితం లేపుతుంటే గుండె దడ. గీతలు బాగానే పడ్డాయి, మెడ దగ్గర మాత్రం సిరా మచ్చ.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

"ముక్కుపుడక ఎడమవైపు పెట్టావేంట్రా?"

తలకాయ కొట్టుకున్నాను. అచ్చులో కుడి ఎడమవుతుందని తెలిసీ, ఫొటో చూసి ఉన్నదున్నట్టు గీసేశాను.

"పోనీలే, అద్దంలో నాకు రోజూ ఇలాగే కనిపిస్తా" అంది. కాసేపాగి, "ఇంకోటి తీసి మీ పెద్దత్తకి పంపు. ఆ మచ్చ లేకుండా."