ఎస్సే పేపర్‌లో నాకు 17 మార్కులు తెచ్చిన టాపిక్

ఎకానమీకి పెట్టే టైంలో పావు వంతు కూడా మనం జనరల్ ఎస్సేకి పెట్టం. గ్రూప్-1 మెయిన్స్‌లో అది 150 మార్కుల పేపర్, 3 గంటల్లో 3 వ్యాసాలు. నేనూ పెట్టలే. అందుకే టెస్ట్ సిరీస్‌లో ‘కళలకు ప్రభుత్వ నిధులు, ప్రజాస్వామ్యం’ అన్న టాపిక్ చూడంగనే సంబరపడ్డ. ప్రిలిమ్స్ బిట్స్ కోసం బట్టీ పట్టిందంతా ఉంది కదా! 1953లో సంగీత నాటక అకాడమీ, 1954లో సాహిత్య, లలిత కళా అకాడమీలు, ఏడు జోనల్ కల్చరల్ సెంటర్లు, ఆర్టికల్ 29, 51ఏ... పేజీలు నింపేసిన. 50కి 17 వచ్చినయి. దిద్దిన సారు మార్జిన్‌లో ఒక్కటే ముక్క రాసిండు: ‘ఇందులో ప్రజాస్వామ్యం ఏది?’

వారం దాకా ఆ పేపర్ మళ్లీ తీయలే.

చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో చదివేటోళ్లకు తెలుసు, త్యాగరాయ గానసభ ఆ పక్కనే. ఓ సాయంత్రం టీకని బయటికొచ్చి అటు నడిచిన. ఏదో నాటకం నడుస్తుంది. వెనక వరసలో ఫ్యాన్ కోసం కూర్చున్న నాకు (నిజంగా ఫ్యాన్ కోసమే) మా పెద్దబాపు గుర్తొచ్చిండు.

పెద్దబాపు ఒగ్గు కథ చెప్తడు. ఊళ్లో మల్లన్న పట్నం (దేవుని ముందు ముగ్గు వేసి చేసే కొలుపు) వేస్తే ఇంటింటికీ తలా ఇంత బియ్యం, తలా ఇన్ని పైసలు. మేడలమ్మ పెండ్లి కథ మధ్యల ఆపి, మోరీ కట్టియ్యని సర్పంచ్ మీద ఓ విసురు విసురుతడు. సర్పంచ్ ఎదురుంగనే కూర్చొని ఉంటడు. ఆయన కూడా పైసలిచ్చినోడే, కానీ ఊరందరితో పాటు ఇచ్చినోడు. అందుకే ఆ నోరు మూయించలేడు. అదే పెద్దబాపు ఓసారి సర్కారు పథకం ప్రచారానికి కథ కట్టిండు. పైసలు మంచిగనే వచ్చినయి గానీ కథలో విసురు లేదు. ఎందుకని అడిగితే, ‘పైస ఇచ్చినోన్ని తిడతరార్రా బిడ్డా?’ అన్నడు.

నా 17 మార్కుల వ్యాసంలో లేనిది అదే. ఎంత ఇచ్చారన్నది సగం ప్రశ్న. ఎవరికివ్వాలో ఎవరు తేలుస్తరు, ఇచ్చినంక నోటికి తాళం పడ్తదా అన్నది మిగతా సగం. బ్రిటన్‌లో 1946లో ఆర్ట్స్ కౌన్సిల్ పెట్టింది ఇందుకే: డబ్బు సర్కారుది, పంచేది విడిగా ఉండే కౌన్సిల్. మన అకాడమీలు కూడా పేరుకు స్వయంప్రతిపత్తి ఉన్నవే, కానీ నడిచేది కేంద్రం నిధులతోనే. 2015లో, కల్బుర్గి హత్య మీద అకాడమీ నోరు విప్పలేదని రచయితలు సాహిత్య అకాడమీ అవార్డులు వాపసు చేసినప్పుడు రేగిన గొడవను ఈ కోణంలో చూస్తే ఓ పేరా దానంతటదే వస్తది.

మన రాష్ట్రం ఉదాహరణ లేకుండా మాత్రం రాయకండి. రాష్ట్ర సర్కారు పెట్టిన తెలంగాణ సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులకు కొలువులిచ్చిన్రు. ఉద్యమంలో ధూంధాం వేదికల మీద పాడిన గొంతుకు నెలజీతం దొరకడం చిన్న సంగతి కాదు. ఆ గొంతు పథకాల మీదనే పాడాల్సి రావడం కూడా చిన్న సంగతి కాదు. రెండూ రాయాలె. ఒకటే రాస్తే అది పార్టీ కరపత్రం.

అట్లని నిధులే వద్దని తేల్చెయ్యొద్దు. 1885లో కడప జిల్లాల పుట్టిన సురభి నాటక సమాజం ఇవ్వాళ్టికీ హైదరాబాద్‌లో నాటకాలాడుతుందంటే అది ఒట్టి టికెట్ పైసలతోనే కాదు. జనం కొనేదే బతకాలంటే సినిమా తప్ప ఏదీ మిగలదు.

రెండోసారి రాసినప్పుడు నిజాం సర్కారు బుర్రకథను నిషేధించిన సంగతితో మొదలుపెట్టిన. తంబుర చూసి గద్దె భయపడ్డదంటే ఆ తంబురకు ఎంత బలముండాలె! అకాడమీల తేదీలన్నీ రెండు వాక్యాల్లో సర్దిన. ఈసారి 28 వచ్చినయి.

అసలు మెయిన్స్‌లో ఈ టాపిక్ రానే లేదనుకోండి. పెద్దబాపుకు ఫోన్ చేసి ఇదంతా చెప్తే, ‘నా ముచ్చట రాసి మార్కులు తెచ్చుకున్నవ్. మరి నా వాటా ఏదిరా?’ అని ఇప్పటికీ అడుగుతున్నడు.