జూలో ఒక్క ఎన్‌క్లోజర్ ముందు అరగంట

పిల్లల్ని జూ అంతా తిప్పితే వాళ్లకి మిగిలేవి ఫొటోలూ కాళ్లనొప్పులూ. వన్యప్రాణి సంరక్షణ అంటే ఏమిటో తెలియాలంటే ఒక్క జంతువు దగ్గర అరగంట నిలబెట్టండి, చాలు.

నలుగురైదుగురికి ఒక ఎన్‌క్లోజర్. గేటు తెరవగానే వెళ్లాలి. ఎండెక్కితే చాలా జంతువులు నీడ చూసుకుని పడుకుంటాయి. ఒకరు వాచీ పట్టుకుని నిమిషానికోసారి "ఇప్పుడు" అంటారు. సరిగ్గా ఆ క్షణాన జంతువు ఏం చేస్తోందో మిగతావాళ్లు టిక్ పెడతారు: పడక, మేత, నడక, పచార్లు, కనబడలేదు. అరగంటకి 30 టిక్కులు. అందులో 9 పచార్లయితే 30 శాతం.

దెబ్బతినేది ఇక్కడే. రెండు "ఇప్పుడు"ల మధ్య పులి గాండ్రిస్తే దాన్నీ ఎక్కించేస్తారు. అలా చేస్తే సరదాగా అనిపించినవే లెక్కలో పెరిగిపోతాయి, నిద్ర తగ్గిపోతుంది. ఒకరు నడక అన్నదాన్ని ఇంకొకరు పచార్లంటారు. అదే దారిలో వరుసగా మూడుసార్లు తిరిగితేనే పచార్లని ముందే అనుకోండి, ఐదు నిమిషాలు ట్రయల్ వేయండి. "కోపంగా ఉంది" అన్నది ఊహ. "చెవులు వెనక్కి వాల్చింది" అన్నది పరిశీలన.

పచార్లు విసుగుకో ఒత్తిడికో గుర్తు కావచ్చు. కానీ అవి ఎక్కువున్నాయని వెంటనే జూని తిట్టక్కర్లేదు. మేత వేళ దగ్గరపడితే కూడా పెరుగుతాయి. కీపర్‌ని అడగండి: తిండి ఎప్పుడు పెడతారు, దాచిపెట్టి వెతికిస్తారా, లేక గిన్నెలో పోస్తారా?

ఇంకో ప్రశ్న అంతకంటే ముఖ్యం: దీనికి జత ఎవరో ఎవరు తేలుస్తారు? చాలా జాతులకి స్టడ్‌బుక్ ఉంటుంది, అంటే వంశావళి లెక్క. దగ్గరి చుట్టాల్ని కలిపితే పిల్లలు బలహీనపడతాయి కాబట్టి, జత కోసం జంతువుని ఒక జూ నుంచి ఇంకో జూకి పంపుతారు.

మనుషుల సంరక్షణలో పెంచి ఒక జాతిని నిలబెట్టడానికి మంచి ఉదాహరణ కాలిఫోర్నియా కండోర్ అనే రాబందు. 1987లో మిగిలినవి 27, అన్నీ మనుషుల సంరక్షణలోనే. ఇది మామూలుగా రెండేళ్లకి ఒక గుడ్డే పెడుతుంది. మొదటి గుడ్డు తీసి ఇంక్యుబేటర్‌లో పెడితే మళ్లీ ఇంకోటి పెడుతుంది, సంఖ్య పెరిగింది అలాగే. మనుషులకి అలవాటు పడకుండా, కండోర్ తలలా ఉన్న తోలుబొమ్మని చేతికి తొడుక్కుని పిల్లకి మేత పెట్టారు. అదొక్కటే చాలలేదు, తోటి పక్షులతో ఎలా మెలగాలో నేర్పడానికి పెద్ద కండోర్లని కూడా దగ్గర ఉంచాల్సొచ్చింది. విద్యుత్ స్తంభాల మీద వాలకుండా, వాలితే చిన్న షాక్ కొట్టే ఉత్తుత్తి స్తంభాలతో శిక్షణ ఇచ్చారు.

1992 నుంచి వీటిని అడవిలోకి వదులుతున్నారు. అయినా చస్తున్నాయి, ఎక్కువగా సీసం వల్ల. వేటగాళ్ల తూటా ముక్కలు కళేబరంలో ఉండిపోతాయి, కండోర్ మాంసంతో పాటు వాటినీ మింగుతుంది. కాలిఫోర్నియాలో వేటకి సీసం తూటాలు పూర్తిగా నిషేధించేసరికి 2019 వచ్చింది. కాబట్టి పిల్లల కాగితంలో చివరి గడి ఇలా ఉండాలి: మనం చూసిన జంతువుని అడవిలో చంపుతున్నది ఏమిటి, అది ఆగిందా?