హిమోగ్లోబిన్ తగ్గిందా, రెటిక్ కౌంట్ కూడా చూడండి

హిమోగ్లోబిన్ తక్కువ అని రిపోర్ట్ రాగానే చాలామంది ఐరన్ మాత్రలు మొదలెట్టేస్తారు. ఎక్కువసార్లు అది కరెక్టే, రక్తహీనతకి అన్నిటికన్నా పెద్ద కారణం ఐరన్ లోపమే కదా. కానీ ల్యాబ్‌లో పనిచేస్తున్నదాన్ని కాబట్టి నా చూపు ముందు తెల్లకణాలు, ప్లేట్‌లెట్ల మీదికి పోతుంది. మూడూ కలిసి పడిపోతే అది పాన్‌సైటోపీనియా, అప్పుడు ఐరన్ సంగతి తర్వాత, ముందు ఎముక మజ్జ పనిచేస్తోందా లేదా అన్నది తేల్చాలి.

అది చెప్పేది రెటిక్యులోసైట్ కౌంట్. రెటిక్‌లంటే మజ్జలోంచి అప్పుడే బయటికొచ్చిన కుర్ర ఎర్రకణాలు. రక్తం పోయినా, కణాలు పగిలిపోతున్నా మంచి మజ్జ వారం పది రోజుల్లో వీటిని గబగబా పెంచేస్తుంది, ఫెయిలైన మజ్జ పెంచలేదు. ఇక్కడే ఒక చిక్కుంది, 1.5 శాతం అని రాగానే నార్మలే అనుకుని వదిలేస్తారు, కానీ హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా శాతం) 15 ఉన్న మనిషిలో దాన్ని నార్మల్ 45తో పోల్చి సరిచేస్తే మిగిలేది 0.5 శాతమే, అంటే మజ్జ దాదాపు చేతులెత్తేసినట్టే. అందుకే శాతం ఒక్కటే చూడకండి, సరిచేసిన లెక్కో, మొత్తం సంఖ్యో అడగండి.

మజ్జ కణాలు తయారుచేయడం మానేసే జబ్బు అప్లాస్టిక్ అనీమియా, అందులో స్లైడ్ మీద వింత కణాలేవీ కనిపించవు, ఉన్నవే తక్కువ, తెల్లకణాల్లో ఎక్కువగా లింఫోసైట్లే మిగులుతాయి, ఎంసీవీ, అంటే ఎర్రకణం సగటు సైజు, నార్మల్‌గానో కాస్త పెద్దగానో ఉంటుంది. సీరం ఐరన్ మాత్రం తరచుగా ఎక్కువే ఉంటుంది, వాడుకునే కణాలే లేవు మరి! వీళ్ళకి ఐరన్ మాత్రలు ఇస్తే ఉపయోగం లేదు సరికదా, రక్తం ఎక్కించేకొద్దీ ఐరన్ ఇంకా పేరుకుంటుంది. మజ్జ బయాప్సీలో కణాలుండాల్సిన చోటంతా కొవ్వే. దానికి తోడు (మైక్రోలీటర్ రక్తంలో) న్యూట్రోఫిల్స్, అంటే ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు, 500 లోపు, ప్లేట్‌లెట్లు 20,000 లోపు, రెటిక్‌లు బాగా తక్కువ, ఈ మూడిట్లో రెండున్నా తీవ్రమైనదనే లెక్క. న్యూట్రోఫిల్స్ 200 లోపైతే అతి తీవ్రం.

చిన్నపిల్లల్లో, యువతలో ఇలా వస్తే పుట్టుకతో వచ్చే మజ్జ జబ్బు ఫాంకోని అనీమియా కాదని తేల్చుకోవాలి, దానికి క్రోమోజోమ్ బ్రేకేజ్ టెస్ట్ ఉంది. ఇది వదిలేయకూడదు, ఎందుకంటే వాళ్ళ కణాలు మామూలు డోసు కీమోని తట్టుకోలేవు, మజ్జ మార్పిడికి ముందిచ్చే మందులన్నీ తగ్గించాలి.

ఎర్రకణాలొక్కటే ఆగిపోయి మిగతావి బాగానే ఉంటే ప్యూర్ రెడ్ సెల్ అప్లేసియా. పార్వోవైరస్ బీ19 వల్లొస్తే మజ్జలో పేద్ద ప్రోనార్మోబ్లాస్టులు (ఎర్రకణాల తొలిదశ కణాలు) కనబడతాయి, ఛాతీలోని థైమస్ గ్రంథిలో ట్యూమర్ ఉందేమో కూడా చూడాలి.

క్యాన్సరో, ఫైబ్రోసిస్సో (మజ్జ నారలా గట్టిపడటం) మజ్జని ఆక్రమిస్తే కథ వేరు. స్లైడ్ మీద కన్నీటిచుక్క ఆకారం కణాలు, న్యూక్లియస్ పోని ఎర్రకణాలు, పచ్చి తెల్లకణాలు కలిసి కనిపిస్తాయి, సూదితో లాగితే ఏమీ రాదు. అలా రాకపోతే శాంపిల్ దొరకలేదని ఊరుకోవద్దు, అదే ఒక క్లూ, ట్రెఫైన్ బయాప్సీ (మజ్జతో పాటు చిన్న ఎముక ముక్క తీయడం) కచ్చితంగా చేయాల్సిందే.

ఇంకొకటి, బీ12 లోపంలో కూడా మూడూ పడిపోతాయి, రెటిక్ తగ్గుతుంది, మొదట్లో అచ్చం మజ్జ ఫెయిలైనట్టే ఉంటుంది. న్యూట్రోఫిల్స్ న్యూక్లియస్‌లో ఐదారు లోబులు (తమ్మెలు) కనిపిస్తే అనుమానం రావాలి, ఇంజెక్షన్లతో తగ్గిపోయే జబ్బుకి ఇంట్లోవాళ్ళని హడలగొట్టడం నాకైతే అస్సలు ఇష్టముండదు.

రిపోర్ట్ పట్టుకుని భయపడుతున్నవాళ్ళకి రెండు మాటలు. న్యూట్రోఫిల్స్ 500 లోపున్న మనిషికి జ్వరమొస్తే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళండి. మజ్జ మార్పిడి అవకాశం ఉన్నవాళ్ళకి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ప్రేమకొద్దీ రక్తం ఇవ్వబోతే ఆపండి, ఆ రక్తం ఎక్కితే రేపు ఆ తోబుట్టువుల మజ్జనే రోగి ఒళ్ళు తిరస్కరించే ప్రమాదం పెరుగుతుంది. వాళ్ళకి ముందు హెచ్‌ఎల్‌ఏ టైపింగ్ (మజ్జ సరిపోతుందో లేదో చూసే పరీక్ష) చేయించండి, రక్తం బ్లడ్ బ్యాంక్ నుంచి తెచ్చుకోండి.