బదిలీ దారిలో మూడు మజిలీలు

మావారికి బెంగళూరుకు బదిలీ అయింది. హైదరాబాదులో ఇల్లు ఖాళీ చేసి, 42 అట్టపెట్టెలకు అంకెలు వేసి లారీకి ఎక్కించిన తరువాత, అది మరునాటి సాయంత్రానికి గాని చేరదని తెలిసింది. 44వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 570 కిలోమీటర్లు కారులో ఏకబిగిన వెళ్లిపోతే, ఆ రాత్రి ఖాళీ ఇంట్లో నేల మీద పడుకోవడమే మిగులుతుంది. అందుకే దారిలో ఆగుతూ వెళదామని, రాత్రికి అనంతపురంలో బస చేద్దామని నేను పట్టుబట్టాను.

తెల్లవారుజామున బయలుదేరి, అలంపూర్ చౌరస్తా దగ్గర రహదారి వదిలి ఊళ్లోకి తిరిగాం. తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాలలో కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు ఇక్కడున్నాయి. పేరుకు బ్రహ్మలే గాని, తొమ్మిదీ శివాలయాలే. తారకబ్రహ్మ ఆలయం తప్ప మిగిలినవన్నీ ఉత్తరాది పద్ధతిలో వంపు తిరిగిన శిఖరాలతో ఉంటాయి. బాలబ్రహ్మేశ్వరుడిని, జోగులాంబను దర్శించుకున్నాం. అయితే మేము ఎక్కువసేపు గడిపింది కూడవెల్లి సంగమేశ్వరాలయం దగ్గర. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట వెలసిన ఆ గుడి శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని, రాయి రాయి విడదీసి అలంపూరుకు తెచ్చి తిరిగి నిలబెట్టారు. మా అత్తయ్యగారి పుట్టినూరు ఆ నీళ్ల కిందే ఉంది. చిన్నప్పుడు పండుగ స్నానానికి వెళ్లి సంగమం దగ్గర చూసిన గుడిని ఆవిడ మళ్లీ చూడడం ఇదే. గోడలో రెండు రాళ్లు కలిసే సందు వెంట వేలు పోనిస్తూ, "ఊరు రాలేదు గాని, గుడి వచ్చిందమ్మా" అన్నారు. మా అబ్బాయి, ఈ రాళ్లకు కూడా మన పెట్టెల్లాగే అంకెలు వేశారా అని అడిగాడు. ఆవిడ వాడిని దగ్గరకు తీసుకుని, ఒకప్పుడు గుడి మెట్ల దాకా నీళ్లు ఎలా వచ్చేవో చెబుతూ కూర్చున్నారు. అరగంట అనుకున్నది రెండు గంటలైనా, బయలుదేరదామని మాలో ఎవరికీ నోరు రాలేదు.

కర్నూలులో భోజనం చేసి, కొండారెడ్డి బురుజును కారులో నుంచే చూసి ముందుకు సాగాం.

గుత్తి కోట ఎక్కాలంటే ఎండ తగ్గాలి; మధ్యాహ్నం పూట పెద్దవాళ్లను, పిల్లలను ఎక్కించవద్దని నా మనవి. మరాఠా సేనాని మురారిరావు ఘోర్పడే నుంచి మైసూరు పాలకుడు హైదర్ అలీ 1776లో గెలుచుకున్న కోట ఇది. ఇంతటి దుర్గంలో ముట్టడికి చిక్కినవారికి చివరకు నీళ్లే కరువయ్యాయట. నిజాం ఆంగ్లేయులకు ఇచ్చేసిన దత్తమండలాల (రాయలసీమ ప్రాంతం) కలెక్టరుగా, రైతు నుంచే నేరుగా శిస్తు తీసుకునే రైతువారీ పద్ధతికి పేరుపడిన థామస్ మన్రో, తరువాత మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండలో కలరాతో కన్నుమూస్తే, మొదట ఖననం చేసింది ఈ గుత్తిలోనే. మేము సగం దాకా ఎక్కి, పొద్దు వాలుతుండగా దిగి వచ్చాం.

మరునాడు ఉదయం కొడికొండ చెక్‌పోస్టు దగ్గర కుడివైపు తిరిగి లేపాక్షి చేరుకున్నాం. విజయనగర రాజు అచ్యుతరాయల కాలంలో పెనుకొండ కోశాధికారి విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయంలో, అందరూ వేలాడే స్తంభం చుట్టూ గుమిగూడి దాని కింద నుంచి తువ్వాలు లాగుతున్నారు. మేమూ లాగాం. కానీ నన్ను కట్టిపడేసింది లతామండపం. అక్కడ ఒక్కొక్క స్తంభం మీద ఒక్కొక్క రకం తీగ, పువ్వు, గళ్లు. చీర అంచుల మీద మనం ఇప్పటికీ వేసుకునే డిజైన్లే అవన్నీ. అత్తయ్యగారు కొంగు పక్కకు జరిపి, తన చీర అంచులోని హంసల వరుసను స్తంభానికి ఆనించి పోల్చి చూశారు. పూర్తికాని కల్యాణమండపం, ఏడు పడగల నాగలింగం చూసుకుని, ఊరి మొగదల 27 అడుగుల పొడవున ఒకే రాతిలో మలిచిన నంది దగ్గర చివరిసారి ఆగాం.

అక్కడి నుంచి బెంగళూరు మూడు గంటలు కూడా పట్టలేదు. లారీ ఆరు గంటలకు వచ్చింది. పెనుకొండ మాత్రం రహదారి మీద నుంచి కొండ కనబడుతున్నా వదిలేయవలసి వచ్చింది. 1565 నాటి తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరిని గంటలో చూసి రావడం నాకు సమ్మతం కాలేదు. సంక్రాంతికి హైదరాబాదు వెళ్లేటప్పుడు దానికి ఒక పూట పూర్తిగా కేటాయించుకున్నాం.