తప్పు ఎడమ వైపు, దిద్దింది కుడి వైపు

అలమరా పై అర నుంచి, పది రెట్లు పెద్దదిగా చూపే నా 10x50 బైనాక్యులర్ జారి నేల మీద పడింది. అద్దాలు పగలలేదు గానీ ఎడమ గొట్టం అంచున చిన్న సొట్ట పడింది. ఎదురు మేడ పిట్టగోడ మీది కాకిని చూశాను. ఒకే కాకి కనిపించింది. బతికిపోయాననుకుని దాచేశాను.

వారం తర్వాత చంద్రుణ్ణి పది నిమిషాలు చూసేసరికి కళ్ల వెనుక దారం కట్టి లాగుతున్నట్టు అనిపించింది. బైనాక్యులర్ దించగానే కిటికీ ఊచలు ఒక్క క్షణం రెండేసిగా కనబడి, మళ్లీ కలిసిపోయాయి.

నేను ప్రూఫ్ రీడర్‌ని. కళ్లు చేసే ఈ మొహమాటం నాకు బాగా తెలుసు. ‘సంబంధం’ ఉండాల్సిన చోట ‘సంబధం’ అని అచ్చయినా, బుర్ర ఆ సున్నాను తానే చేర్చుకుని చదివేస్తుంది. రెండు గొట్టాలు రెండు దిక్కులు చూస్తున్నా అంతే. కళ్లను కాస్త వంచి, రెండు బొమ్మలనూ ఒకటి చేసి చూపిస్తుంది. ఆ చాకిరీకి కూలీ తలనొప్పి. దగ్గరి వస్తువును చూసేటప్పుడు రెండు కళ్లూ ముక్కు వైపు తిరగడం రోజూ ఉన్నదే కాబట్టి ఆ దిశలో కొంత సర్దుకుంటాయి. బయటి వైపుకు విడిపోవడం వాటికి కష్టం. ఒక కన్ను పైకి, ఒకటి కిందికి చూడటం ఇంకా కష్టం. పైగా గొట్టంలో వచ్చిన చిన్న వంపు కూడా కంటి దగ్గరికి వచ్చేసరికి దాదాపు పది రెట్లవుతుంది.

కాబట్టి ముందు చేయాల్సింది బుర్రను పక్కన కూర్చోబెట్టడం. పగలైతే దూరంగా ఉన్న అడ్డగీత ఒకటి చాలు. పిట్టగోడ అంచును చూస్తూ బైనాక్యులర్‌ను కళ్ల నుంచి మెల్లగా ఒక జానెడు దూరం జరిపాను. రెండు గుండ్రని బొమ్మలు విడిపోయాయి. వాటిలో గోడ అంచు ఒకే గీతగా సాగలేదు, మధ్యలో మెట్టు పడింది.

రాత్రి పరీక్ష ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. ట్రైపాడ్ మీద బిగించి ధ్రువ నక్షత్రం వైపు తిప్పాను. మిగతా నక్షత్రాలు నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున జరిగిపోతుంటాయి, ఇది దాదాపు కదలదు. ఎడమ కంటికి చుక్క స్ఫుటంగా ఉండేలా ఫోకస్ చేసి, కుడి కంటి దగ్గరి వలయాన్ని చివరి దాకా తిప్పితే ఆ వైపు చుక్క మసక బిళ్లగా మారుతుంది. చుక్కనూ బిళ్లనూ కలపాలని బుర్రకు పెద్దగా తోచదు. గొట్టాలు సరిగ్గా ఉంటే చుక్క బిళ్ల నడుమ నిలవాలి. నాకు బిళ్ల దాటి కింద కనిపించింది.

నాది పోరో రకం. ముందు లెన్సులు ఎడంగా, కంటి లెన్సులు దగ్గరగా ఉంటాయి. లోపల ఒక్కో గొట్టానికి రెండేసి పట్టకాలు. ఇటలీకి చెందిన ఇగ్నాజియో పోరో 1854లో పేటెంట్ పొందిన అమరిక అది. నా దానిలో రబ్బరు తొడుగు అంచు కింద, గొట్టానికి రెండు చొప్పున సన్నని స్క్రూలున్నాయి. అవి పట్టకాన్ని వెంట్రుక వాసి వంచుతాయి. తిప్పే ముందు నాలుగింటి గాడులూ ఏ వైపు ఉన్నాయో గడియారం ముల్లులా నోట్‌బుక్‌లో గీసుకున్నాను. ఈ బొమ్మలు లేకపోతే తర్వాత ఏడ్చేదాన్ని.

ఒక్కోసారి చుట్టులో ఎనిమిదో వంతే తిప్పాలి. బిగుసుకుంటే బలం పెట్టకూడదు, పట్టకం అంచు పెచ్చు లేస్తుంది. కుడి స్క్రూలు చేతికి అందుబాటులో ఉన్నాయని అవే తిప్పాను. బిళ్ల నేరుగా కిందికి రాదు, ఏటవాలుగా పాకుతుంది. ఒక స్క్రూతో పక్కకు, రెండో దానితో వెనక్కి లాగుతూ గంటసేపట్లో చుక్క నడుమకు వచ్చేలా దాన్ని కూర్చోబెట్టాను. చెప్పుకోదగ్గ గర్వమే కలిగింది.

చెల్లెలిని పిలిచాను. తన కళ్ల మధ్య దూరం నాకంటే తక్కువ కాబట్టి బైనాక్యులర్‌ను కొంచెం మడిచి చూసింది.

“అక్కా, చుక్క బిళ్ల బయట ఉంది.”

“నీ కళ్లు అలసిపోయాయేమో.”

“ఇప్పుడేగా చూస్తున్నాను!”

నేనూ అంతే మడిచి చూశాను. బయటే ఉంది. మళ్లీ విప్పితే నడుమకు వచ్చింది. అప్పుడు ఆ సొట్ట గుర్తుకు వచ్చింది. దెబ్బ తగిలింది ఎడమ గొట్టానికి. నేనేమో తిన్నగా ఉన్న కుడి గొట్టాన్ని దాని వంకరకు సరిపోయేలా వంచాను. రెండూ ఒకే వైపు వాలాయి కాబట్టి నా కళ్ల వెడల్పుకు మాత్రం కుదిరింది. నడుమ కీలును కదిపితే ఒక్కో గొట్టం వాలు ఒక్కో వైపు తిరిగి, తప్పు బయటపడింది. అసలు రెండు గొట్టాలూ ఒకదానితో ఒకటి మాత్రమే కాక, ఆ కీలు ఇరుసుతో కూడా సమాంతరంగా ఉండాలి. ఒక పేజీలో తప్పుగా పడిన పేరును చూసి, మిగతా పేజీల్లో సరిగ్గా ఉన్న పేరును దానికి తగ్గట్టు మార్చినట్టయింది నా పని. అలాంటిది ఉద్యోగంలో ఎన్నడూ చేయలేదు, ఒట్టు.

మర్నాడు నోట్‌బుక్ చూసుకుని కుడి స్క్రూలను మొదటి గాడి దిశలకే తిప్పేశాను. ఎడమ వైపు తొడుగు లేపి, ఆ రెండు స్క్రూలతో కుస్తీ పట్టాను. రెండు రాత్రులు పట్టింది. పావుగంట చూస్తే కళ్లు సర్దుకుని అబద్ధం చెప్పడం మొదలుపెడతాయి కాబట్టి మధ్యమధ్య ఆపి విశ్రాంతి ఇచ్చాను.

ఇప్పుడు నా వెడల్పులో చుక్క సరిగ్గా నడుమ ఉంటుంది. చెల్లెలి వెడల్పులో కాస్త కిందికి జరుగుతుంది గానీ బిళ్ల లోపలే. ఆ మిగిలిన కాస్తను తీయాలంటే కొలిచే పరికరాలున్న వర్క్‌షాపే శరణ్యం, నేను ఆగిపోయాను. రబ్బరు తొడుగు తిరిగి అతికించాను. ఎడమ వైపు ఒక మూల మాత్రం ఇంకా లేస్తోంది. మళ్లీ పని పడుతుందేమోనని అక్కడ గట్టిగా అంటించలేదు.