అమ్మమ్మ ఎత్తిన మూట

సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు. యానిమేషన్ సినిమాల్లో పాత్రలకు కదలిక ఇవ్వడం నా పని. వారమంతా శ్రమిస్తే తెరమీద మిగిలేది మూడు నాలుగు సెకన్లే. ఒక ముసలమ్మ బిందె ఎత్తే షాట్‌ను దర్శకుడు మూడుసార్లు తిప్పి పంపారు. "బిందెలో నీళ్లు లేవు" అన్నారు.

సెలవుకు శ్రీకాకుళం వచ్చాను. నాగావళి గట్టున అమ్మమ్మ తడిబట్టల మూట ఎత్తుతుంటే చూశాను. చేతులకన్నా ముందు నడుము కదిలింది. ఎత్తబోయే ముందు ఒక్క క్షణం ఆగి, ఊపిరి బిగబట్టింది. పాదాలు ఇసుకలోకి దిగాయి. మెడ కుదురుకున్నాకే కళ్లు పైకి లేచాయి.

ఇన్నాళ్లూ నేను బిందెను కదిలించాను, మనిషిని కాదు! ఆ ఆగిన క్షణానికి 8 ఫ్రేములు ఇచ్చి మళ్లీ చేశాను. ఈసారి ఒప్పుకున్నారు.

ఫోనులో చూపిస్తే అమ్మమ్మ అంది: "పాపం, ఈవిడకు మోకాళ్ల నొప్పులున్నట్టున్నాయిరా."